పిన్ను కొట్టిన రెండు పేజీలు

నా దగ్గర ఒక లావుపాటి నోటుబుక్కు ఉంది. అట్ట ఊడిపోతే మిగిలిపోయిన ఫ్లెక్సీ ముక్కతో కొత్త అట్ట వేసుకున్నాను. అందులో ఉన్నవన్నీ బొమ్మలు చేసే ఏఐకి నేను రాసిన ప్రాంప్టులు. పెళ్లికూతురి వెనక మండపం ఎలా ఉండాలి, లీడర్ గారి తల వెనక సూర్యుడు ఎంత ఎత్తులో ఉండాలి, మొదటి పుట్టినరోజు పిల్ల చుట్టూ సీతాకోకచిలుకలు ఏ రంగులో ఎగరాలి, అన్నీ రాసి పెట్టుకున్నాను. ఏ మాటకు యంత్రం వింటుందో, ఏ మాటకు మొండికేస్తుందో పక్కన ఎర్ర పెన్నుతో గుర్తులు కూడా ఉన్నాయి. నేను రిటైరయ్యాక ఈ పనిలోకి వచ్చిన పిల్లలు ఆ పుస్తకం కోసం మా ఇంటికి వస్తుంటారు. చాయ్ తాగి, పేజీలన్నీ ఫోన్లో ఫోటోలు తీసుకుని పోతారు.

మధ్యలో రెండు పేజీలు మాత్రం కలిపి పిన్ను కొట్టి ఉంటాయి. వాటిని ఎందుకు విప్పనివ్వవని మొన్న ఒకమ్మాయి నన్ను నిలదీసింది. ఏదో చెప్పి తప్పించుకున్నాను. ఆమె పోయాక నాకే సిగ్గేసింది. ఆ పుస్తకంలో మీకు నిజంగా పనికొచ్చేది ఏదైనా ఉంటే అది ఆ రెండు పేజీల్లోనే ఉంది. అందుకని ఇప్పుడు విప్పుతున్నాను.

నేను కరీంనగర్‌లో బస్టాండు వెనక సందులో, ఒకే షాపులో ముప్పై నాలుగేళ్లు పనిచేశాను. మిషన్ స్కూల్లో పదో తరగతి పాసై చేరినప్పుడు అది ఫోటో స్టూడియో. నెగటివ్ మీద సన్నని పెన్సిల్‌తో మొటిమలూ మచ్చలూ మాయం చేయడం నా పని. తర్వాత కంప్యూటర్ వచ్చింది, స్టూడియో కాస్తా ఫ్లెక్సీ షాపయింది, నేను డిజైనర్‌నయ్యాను. చివరి రెండు మూడేళ్లలో ఏఐ వచ్చింది. ఇక ఈమె పని అయిపోయిందని అందరూ అనుకున్నారు. అయిపోకపోగా నా దశ తిరిగింది. యంత్రానికి కావలసింది చెప్పేవాళ్లు. ముఖాన్ని మాటల్లో చెప్పడం నాకు వచ్చు, ముప్పై ఏళ్లు ముఖాలను అరచేతి దూరంలో చూసినదాన్ని. ఊళ్లో పది షాపులుంటే బొమ్మ బాగా రావాలంటే మా షాపుకే వచ్చేవారు. నాకు పొగరు తలకెక్కింది. ఎక్కలేదని చెబితే మా చర్చిలో అక్కలు నవ్వుతారు.

షాపులో మేం ముగ్గురం. మా సేట్, అంటే ఓనరు, నాకంటే పదేళ్లు చిన్నవాడు, నన్ను అక్కా అన్నట్టు "ఆపా" అని పిలిచేవాడు. మూడో ఆయన ఫ్లెక్సీ మిషన్ నడిపేవాడు. ఆయన మాట్లాడేది తక్కువ, గొణిగేది ఎక్కువ. నేను చేసిన ఏఐ బొమ్మల్లో మనుషులందరికీ మొహం కడుక్కుని పౌడర్ రాసుకున్నట్టు ఉంటుందని ఆయన ఫిర్యాదు. నేను పట్టించుకునేదాన్ని కాదు.

ఎండాకాలం. మంగళవారం పొద్దున మేం షట్టర్ ఎత్తేసరికే ఒకతను మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. నలభై దాటిన మనిషి, రాత్రంతా నిద్రలేని కళ్లు. పక్కన ఒక ముసలమ్మ, ఒళ్లో గుడ్డసంచి. వాళ్లది భైంసా పక్కన పల్లె. ఇతను భైంసాలో విత్తనాల దుకాణంలో గుమాస్తా. తల్లీతండ్రీ ఊరివాళ్లతో కలిసి మొక్కు తీర్చుకోవడానికి వేములవాడ వచ్చారు. సోమవారం కదా, జనం విపరీతం. మధ్యాహ్నం పూట తండ్రి తప్పిపోయాడు. కొడుకు కబురు విని సాయంత్రానికి వేములవాడ చేరుకుని, గుడి చుట్టూ, సత్రాలన్నీ వెతికాడు. పోలీసులకూ చెప్పాడు. వాళ్లు ముందు ఫోటో అడిగారు. ముసలాయన కరీంనగర్ బస్సెక్కి ఉంటాడేమోనన్న ఆశతో తల్లిని తీసుకుని ఇక్కడికి వచ్చాడు. బస్సు దిగి వెనక సందులోకి వస్తే మొదట కనిపించే షాపు మాదే.

తండ్రికి డెబ్బై ఎనిమిదేళ్లు. రెండేళ్లుగా మతిమరుపు. ఊరేదంటే తాను పుట్టిన ఊరి పేరు చెబుతాడట, ఆ ఊరు ఏనాడో ప్రాజెక్టు నీళ్లలో మునిగిపోయింది. అన్నిటికంటే భయపెట్టేది షుగర్. పొద్దున, సాయంత్రం గోళీ పడాలి. గోళీలు ముసలమ్మ సంచిలో ఉన్నాయి.

"రెండు పూటలు ఆయె, గోళీ లేకపాయె," అన్నాడు కొడుకు. "జర జల్ది చేయరాదక్కా."

ఫోటో ఏదంటే అసలు చిక్కు అక్కడే వచ్చింది. ఆయనకు ఫోటోలంటే పడదు, ఎవరైనా ఫోన్ ఎత్తితే కండువా మొహానికి అడ్డం పెట్టుకుంటాడు. కొడుకు ఫోన్లో ఉన్నవన్నీ కండువా ఫోటోలే. ఆధార్ జిరాక్స్‌లో మొహం ఉండాల్సిన చోట నల్లటి మరక. చివరికి ఇంటి నుంచి ఎవరో వాట్సప్‌లో పంపించారు, కొడుకు పెళ్లినాటి ఫోటో. ఇరవై ఏళ్ల కిందటిది. అందులో ముసలాయన నిటారుగా నిలబడి ఉన్నాడు. తలకు ఎర్ర రుమాలు చుట్టుకుని ఉన్నాడు, అటువైపు రైతులు తలపాగాను రుమాలనే అంటారు. కింద గుబురు మీసం.

"ఫికర్ చేయకు," అన్నాను. "ఇరవై ఏండ్లు కలిపి ఇప్పటి మనిషిని నేను తయారుచేస్త."

ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

కొడుకును పక్కన కూర్చోబెట్టుకుని ప్రశ్నలు అడిగాను. మీసం తెల్లబడిందా? తెల్లబడింది. ఒళ్లు తగ్గిందా? తగ్గింది. రుమాలు ఇప్పుడూ చుడతాడా? అది లేకుండా వాకిట్లోకి కూడా రాడు. అన్నీ విని నోటుబుక్కులో ఇలా రాసుకున్నాను. ఇదే ఎడమ పేజీ:

"ఈ ఫోటోలోని మనిషే, ఇప్పుడు డెబ్బై ఎనిమిదేళ్లు. ఉత్తర తెలంగాణ రైతు. ఎర్ర రుమాలు, గుబురు తెల్ల మీసం, ఎండకు కమిలిన గంభీరమైన ముఖం, దయగల కళ్లు, ముడతలు, తెల్ల చొక్కా, తెల్ల ధోతి. స్పష్టమైన వెలుతురు."

రెండు నిమిషాల్లో బొమ్మ వచ్చింది. ఎంత బాగా వచ్చిందంటే సేట్ లేచి వచ్చి "క్యా బాత్ హై ఆపా" అన్నాడు. కొడుకు కళ్లు తుడుచుకున్నాడు. ముసలమ్మను లేపి స్క్రీన్ ముందుకు తెచ్చాం. ఆమె ఆ మొహాన్ని చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ఆయనే, ఆయనే" అని ఏడ్చింది. మాకు అంతకంటే సాక్ష్యం ఏం కావాలి? ఆమెను మళ్లీ బెంచీ మీద కూర్చోబెట్టాం. అక్కడ కూర్చుని ఆమె ఒకటే మాట పదే పదే అంటోంది.

"ఎండల తలకాయ మాడుతది ఆయనకు."

నేను విన్నాను. అందరం విన్నాం. ఎండలు అలా ఉన్నాయి, ముసలిదానికి బెంగ ఉండదా అనుకున్నాం. మిషన్ దగ్గరాయన మాత్రం ఫ్లెక్సీ బయటికి వస్తుంటే దాని వైపు చూసి, "గీయన చాన సాఫ్ ఉన్నడక్కా, తప్పిపోయినోని లెక్క లేడు," అని గొణిగాడు. ఆయన ఎప్పుడూ అనేదే అని ఊరుకున్నాను.

ఆరు ఫ్లెక్సీలు వేశాం. వేములవాడ వెళ్లే రోడ్డు పొడవునా కూడళ్లలో, బస్సులు ఆగేచోట్ల మిషన్ దగ్గరాయనా కొడుకూ కలిసి కట్టి వచ్చారు. సేట్ తన వాట్సప్ గ్రూపులన్నిటికీ బొమ్మ పంపాడు. సాయంత్రానికే ఫోన్లు మొదలయ్యాయి. అప్పుడు కూడా నాకు గర్వంగానే అనిపించింది.

బుధవారం అంతా ఫోన్లే. ఎర్ర రుమాలు, తెల్ల మీసం ఉన్న ప్రతి ముసలాయన గురించీ ఎవరో ఒకరు ఫోన్ చేశారు. కొడుకు ఆటోలో అటూ ఇటూ పరుగెత్తాడు. ఒకచోట గొర్రెల మంద తోలుకొస్తున్న ఆయనను జనం పట్టుకుని కూర్చోబెట్టారు. ఆయన బూతులు అందుకున్నాడట, తన ఇల్లు ఎదురుగానే కనిపిస్తుంటే తాను తప్పిపోవడమేమిటని. ఇంకోచోట మార్కెట్టుకు వచ్చిన పెద్దమనిషి తన బొమ్మ ఎవరు కట్టారని మా షాపుకే ఫోన్ చేసి తగువాడాడు. ఇంకెప్పుడైనా అయితే నవ్వుకునేవాళ్లం. కొడుకు ఒక్కో చోటి నుంచి తిరిగి వచ్చినప్పుడల్లా ఇంకొంచెం చిన్నవాడైనట్టు కనిపించాడు. నాలుగు పూటలు, ఐదు పూటలు అని గోళీల లెక్క తనలో తనే గొణుక్కుంటున్నాడు. ఆ రాత్రి నేను ప్రార్థనకు కూర్చున్నాను. ఇంత బాగా వచ్చిన బొమ్మకు మనిషెందుకు దొరకడం లేదన్నదే తలలో తిరుగుతోంది.

గురువారం పది గంటలకు మళ్లీ ఒక ఫోన్ వస్తే కొడుకు వెళ్లాడు. ముసలమ్మను ఫ్యాను కింద కూర్చోబెట్టి, మంచినీళ్లు ఇచ్చి, నేను నా పని చేసుకుంటున్నాను. ఏదో శారీ ఫంక్షన్ ఫ్లెక్సీ. ఆమె సంచి విప్పి ఒక గుడ్డ బయటికి తీసింది. ఒళ్లో పరిచి, మడత పెట్టి, మళ్లీ విప్పి, మళ్లీ మడత పెడుతోంది. నేను కంటి కొసనుంచి చూస్తున్నాను. ఎర్రటి గుడ్డ. పొడవైనది.

మౌస్ మీద నా చెయ్యి ఆగిపోయింది.

"అవ్వా, గది ఏంది?" అన్నాను.

"ఆయన రుమాలు బిడ్డా. దొరకంగనే తలకు కట్టాలె, మాడిపోతది."

"రుమాలు నీ దగ్గర ఎందుకున్నది?"

"గుండు చేయించుకునేటప్పుడు ఇచ్చిండు."

పిల్లలూ, నేను వేములవాడకు గంట దూరంలో పుట్టి పెరిగినదాన్ని. సోమవారం సాయంత్రం ఏ బస్సు ఎక్కినా సగం మంది గుండ్లతో, తలకు గంధం రాసుకుని కనిపిస్తారు. ఆ బస్సుల్లో నిలబడి నేను ముప్పై ఏళ్లు షాపు నుంచి ఇంటికి పోయాను. మొక్కు తీర్చుకోవడానికి వచ్చారని కొడుకు మొదటి మాటలోనే చెప్పాడు. మాలో ఒక్కరికీ తట్టలేదు. కొడుకునడిగితే తర్వాత చెప్పాడు, మొక్కంటే కోడెను కట్టే మొక్కే అనుకున్నాడట. గుడి చుట్టూ కోడెను తిప్పి కట్టేస్తారు కదా, వాళ్లింట్లో ఎప్పుడూ అదే అలవాటు. ఈసారి మనవడికి జ్వరం తగ్గితే తలనీలాలిస్తానని ముసలాయన మనసులో మొక్కుకున్నాడు. అది భార్యకు తప్ప ఎవరికీ తెలియదు, గుండు చేయించుకునేటప్పుడు ఊరివాళ్లంతా దర్శనం వరుసలో ఉన్నారు. నాకు తెలియకపోవడానికి అంత కారణం కూడా లేదు. చేతిలో ఫోటో ఉంది కాబట్టి నేను మనిషి గురించి అడగడం మానేశాను.

"మీసం?" అన్నాను.

"మీసం గూడ ఇచ్చిండు."

"మొన్ననే ఎందుకు చెప్పలేదవ్వా?"

ఆమె రుమాలు మడతలు సర్దుతూ కూర్చుంది. నేను లేచి వెళ్లి ఆమె పక్కన బెంచీ మీద కూర్చున్నాను. ఆమె తల ఎత్తకుండానే చెప్పింది.

"గుండ్లు గీసే కాడ నేను బయట కూసున్న. మస్తు మంది వస్తున్నరు, అందరియి గుండ్లే. ఆయన నా ముంగటికెల్లే పోయిండు బిడ్డా. నా దిక్కు చూసిండు గూడ. వేరేటాయన అనుకుని నేను మొకం తిప్పుకున్న."

యాభై ఐదేళ్ల కాపురం. ఆ మాట కొడుకుతో ఎలా చెబుతుంది? అందుకే మూడు రోజులుగా తలకాయ మాడుతుందని మాత్రమే చెబుతూ వచ్చింది. నేను బొమ్మ చూపించినప్పుడు ఆయనే అని ఏడ్చింది కూడా అందుకే. నేను చూపించింది ఆమె గుర్తుపట్టగలిగిన మొగుణ్ని.

ఏడవడానికి టైము లేదు. ఆమెను నా కుర్చీ పక్కకు లాక్కున్నాను. ఈసారి ఫోటో మూసేసి, ఆమెను మాత్రమే అడిగాను. గుండు చేయించుకుని బయటికి వచ్చిన మనిషి ఎలా ఉన్నాడు? ఆమె కళ్లు మూసుకుని చెప్పసాగింది. ఆ ఒక్క క్షణం చూసిన మొహం ఆమెకు ఎంత బాగా గుర్తుందో చెప్పలేను. మూడు రోజులుగా దాన్నే చూస్తూ ఉన్నట్టుంది. ఎన్నడూ ఎండ తగలని తల కదా, మొహం నల్లగా ఉంటే తల తెల్లగా ఉంది. నుదుటి మధ్యలో రుమాలు కట్టే చోట గీత గీసినట్టు రెండు రంగులు. కుడిచెవి పైన వేలెడు పొడుగు పాత మచ్చ, వయసులో ఉన్నప్పుడు బండి కాడి తగిలింది. తలకు నూనె రాసే ఆమెకు తప్ప ఆ మచ్చ సంగతి కొడుక్కి కూడా తెలియదు. ముందుపళ్లు లేవు, మీసం పోయేసరికి పైపెదవి లోపలికి పోయింది. సోమవారం వేసుకున్నది తెల్ల చొక్కా కాదు, నీలం గీతల చొక్కా. కాళ్లకు చెప్పులు లేవు, గుడి దగ్గర విడిచినవి విడిచినట్టే ఉన్నాయి.

అవి రాసుకుని యంత్రం ముందు కూర్చున్నాను. మొదట "మీసం లేదు, రుమాలు లేదు" అని రాశాను. ఇంతకు ముందుకంటే పెద్ద మీసం వచ్చింది. మీకు ఇప్పుడు ఇది తెలిసిన సంగతే. మీసం అన్న మాట కనిపిస్తే చాలు, వెనక "లేదు" అని ఉన్నా అది పట్టించుకోదు. చిన్నపిల్లకు పడేస్తావు జాగ్రత్త అని చెబితే పడేసినట్టే. లేనిదాన్ని లేదని చెప్పకూడదు, దాని చోట ఏముందో చెప్పాలి. గడియారం పదకొండు దాటింది. చెరిపేసి మళ్లీ రాశాను. ఇదే కుడి పేజీ, వంకర అక్షరాలు చూస్తేనే ఆ తొందర తెలుస్తుంది:

"ఈ ఫోటోలోని మనిషి, ఇరవై ఏళ్లు పెద్దవాడు. మూడు రోజుల కిందట నున్నగా గొరిగిన తల, దాని మీద ఎండిపోయిన గంధం. నుదుటి మధ్య నుంచి పైన తెల్లటి చర్మం, కింద నల్లటి చర్మం. నున్నటి పైపెదవి, బోసినోట్లోకి ముడుచుకుపోయింది. చెంపలు గుంటలు. కుడిచెవి పైన వేలెడు పాత మచ్చ. నలిగి మాసిన నీలం గీతల చొక్కా, పై గుండీ ఊడింది. ఉత్త కాళ్లు. అలసిపోయి రోడ్డు పక్కన కూర్చున్నాడు. మామూలు ఫోన్‌తో మధ్యాహ్నం ఎండలో తీసిన ఫోటో, మొరటుగా ఉంది."

గంభీరం, దయ అన్న మాటలు ఒక్కటీ లేవు చూడండి. ఆ మాటలు ఆయన గురించి చెప్పేవి కావు, చూసేవాళ్లకు నచ్చడానికి నేను వేసిన పౌడరు. వాటిని పెట్టగానే యంత్రం సినిమాలో ఊరిపెద్దను తెచ్చి నిలబెట్టింది.

అయినా ఒక్కసారికి రాలేదు. ఒక బొమ్మలో ముప్పై ఏళ్ల గుండు వాడొచ్చాడు, ఇంకోదాంట్లో సన్యాసి వచ్చాడు. ప్రతిసారీ ముసలమ్మ "కాదు" అంది. అలా అంటున్నప్పుడు ఆమె గొంతులో ఇంతకు ముందు లేని గట్టితనం వచ్చింది. చెంపలు ఇంకా లోపలికి, చెవులు ఇంకా పెద్దవి అని చెబుతుంటే ఒక్కొక్కటే మార్చుకుంటూ వచ్చాను. నుదుటి మీద ఆ రెండు రంగుల గీత మాత్రం యంత్రం వల్ల కాలేదు. దానికి అది తప్పులా కనిపిస్తుందేమో, ప్రతిసారీ కలిపేసి ఒకే రంగు చేసేది. చివరికి నేనే బ్రష్ తీసుకుని చేత్తో దిద్దాను. చెవి పైన మచ్చ కూడా నేనే గీశాను. ముప్పై ఏళ్లు మచ్చలు చెరిపిన చేత్తో మచ్చ పెట్టడం అదే మొదటిసారి.

ఈసారి ఆమె ఏడవలేదు. స్క్రీన్ వైపు చూస్తూ కొంచెం వెనక్కి జరిగింది.

"గీయననే," అంది. "నా ముంగటికెల్లి పోయింది గీయననే."

ఫ్లెక్సీ వేసే తీరిక లేదు. మిషన్ దగ్గరాయన ఏమీ గొణగకుండా మామూలు కాగితాల మీద రెండు వందల ప్రింట్లు తీసి, స్కూటర్ మీద వేసుకుని వెళ్లిపోయాడు. సేట్ పాత బొమ్మ పెట్టిన ప్రతి గ్రూపులో కొత్తది పెట్టి, మొదటిది తప్పు, దయచేసి దాన్ని చూడొద్దని గొంతు రికార్డు చేసి పంపాడు. కొడుకు తిరిగి వచ్చి ఆ బొమ్మ చూసి ఎవరని అడిగాడు. తల్లి చెప్పింది. గుండు సంగతి వరకే చెప్పింది. మిగతాది నేనూ చెప్పలేదు, ఇప్పుడే మొదటిసారి చెబుతున్నాను.

మధ్యాహ్నం రెండు కాకముందే ఫోన్ వచ్చింది. వేములవాడ రోడ్డులో ఒక కూడలి దగ్గర చాయ్ హోటల్ నడిపే ఆమె. "గీయన మూడొద్దులసంది మా కాడనే ఉన్నడు గదా," అంది.

కొడుకు, ముసలమ్మ, సేట్, నేను, నలుగురం ఆటోలో వెళ్లాం. కొడుకు గోళీల షీటు చేతిలో పట్టుకుని ఉన్నాడు. నేను బయటికి చూస్తుంటే మా ఫ్లెక్సీలు ఒక్కొక్కటే దాటిపోయాయి, ఎర్ర రుమాలు, తెల్ల మీసం, దయగల కళ్లు.

కూడలిలో రెండు కర్రల మధ్య మా ఫ్లెక్సీ కట్టి ఉంది. దాని వెనకాల పడిన నీడలో, గోనెసంచి మీద ముసలాయన కూర్చుని ఉన్నాడు. మంగళవారం సాయంత్రం ఎటునుంచో నడుచుకుంటూ వచ్చాడట. ఎండకు నిలవలేక, నీడ ఉందని అక్కడ చతికిలబడ్డాడు. చాయ్ హోటలామె రోజూ రెండు ఇడ్లీలు, చాయ్ ఇస్తూ వచ్చింది. ఆ ఫ్లెక్సీని తను రోజుకు పదిసార్లు చూశానని, ఈయనను కూడా పదిసార్లు చూశానని చెప్పింది. అనుమానం రాలేదా అని అడగబోయి ఆగిపోయాను. ఆమె కళ్లల్లో నీళ్లున్నాయి.

"బొమ్మల ఉన్నాయన ఊరి పటేల్ లెక్క ఉండె," అంది నన్ను చూసి. "గీయనేమో గిట్ల ఉండె. ఎట్ల తెలుస్తదమ్మా?"

కొడుకు ముసలాయన కాళ్ల దగ్గర కూలబడ్డాడు. కుడికాలు వాచి ఉంది. తారురోడ్డు మీద ఉత్తకాళ్లతో నడిచిన బొబ్బలు పగిలి, చివరి రెండు వేళ్లు నల్లబడ్డాయి. ఆ రెండు వేళ్లు తర్వాత ఆసుపత్రిలో తీసేశారు. ఒకటి రెండు రోజులు ముందు తెచ్చి ఉంటే దక్కేవేమో అని డాక్టరు అన్నాడు. ఎవరినీ తప్పుపట్టినట్టు కాదు, మామూలుగానే అన్నాడు. మంగళవారం సాయంత్రం నుంచి గురువారం మధ్యాహ్నం వరకు అంటే ఎంతో నాకు తెలుసు.

ముసలమ్మ వెళ్లి ఆయన ముందు మోకాళ్ల మీద కూర్చుంది. ఆయన ఆమెను పరాయిదాన్ని చూసినట్టే చూశాడు. ఆమె సంచిలోంచి రుమాలు తీసి, కందిపోయిన తల మీద మెల్లగా చుట్టడం మొదలుపెట్టింది. రెండు చుట్లు పడ్డాక ఆయన చేయి తనంతట తనే పైకి లేచి, అలవాటుగా కొసను పట్టుకుని, చెవి వెనక దోపుకుంది. అప్పుడు ఆమె మొహం వైపు చూసి, "యాడికి పోయినవే?" అన్నాడు.

చాయ్ హోటలామె నీళ్లు తెచ్చింది, కొడుకు తండ్రిని లేపడానికి భుజం కింద చెయ్యి వేశాడు. నేను రెండో పక్క పట్టుకున్నాను. లేచి నిలబడ్డాక ముసలాయన వెనక్కి తిరిగి, తన తలకంటే పెద్దగా ఉన్న ఆ మొహాన్ని, నేను చేసిన మొహాన్ని, తలెత్తి చూశాడు. చాలా పరిచయమున్న వాణ్ని చూసినట్టు చూశాడు. మూడు రోజులుగా ఆయనకు తోడు అదే కదా.

"పాపం, గాయన ఇంటోళ్లు లెంకుతున్నరట," అన్నాడు నాతో. "దొరికిండా బిడ్డా?"

"దొరికిండు బాపూ," అన్నాను. "నా వల్లనే జర ఆలస్యమైంది."